నూట అరవై డిగ్రీలు

"ఏవండీ, ఇదేటి, మీ కంప్యూటర్‌కి నూట అరవై చూపిస్తోంది?" అంది ప్రసూన, నా కుర్చీ వెనక నిలబడి.

రేసు ఆట మంచి పట్టులో ఉంది. స్టీరింగు తిప్పుతూనే స్క్రీన్ మూలకి చూశాను. ప్రాసెసర్ వేడి చూపించే అంకె అది. అక్కడ అలాంటిదొకటి ఉంటుందని తెలుసు గాని, ఏనాడూ దాన్ని చూసిన పాపాన పోలేదు. నిజంగానే నూట అరవై! స్క్రీన్‌లో నా కారు వెళ్లి గోడకి గుద్దుకుంది.

ప్రసూన రైల్వే హాస్పిటల్లో నర్సు. ఎంత జ్వరం చూసినా చలించని మనిషి. అలాంటిదే కంగారు పడేసరికి నాకు కాలూ చేయీ ఆడలేదు. ఒళ్లంతా చెమట. మే నెల బిలాస్‌పూర్‌లో చెమట పట్టడానికి కారణం అక్కర్లేదనుకోండి. మండిపోయే నౌతపా తొమ్మిది రోజులూ ఇంకా ముందే ఉన్నాయి.

వంద దాటితే ప్రాసెసర్ తనంతట తానే ఆగిపోతుందని నెట్లో రాశారు. మాది నూట అరవైలోనూ పరుగెడుతోంది. రైల్వే క్వార్టర్లో ఉంటోంది కదా, దానికీ ఓవర్‌టైమ్ అలవాటైందనుకున్నాను.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. లోకో షెడ్డులో బ్లోవర్ల సెక్షన్. ఆరు వేల గుర్రాల బలమున్న ఇంజన్ని చల్లగా ఉంచడమే నా డ్యూటీ. బిస్కట్ ముక్కంత ప్రాసెసర్ నాకో లెక్కా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాది రచ్చ గెలిచి ఇంట ఓడే జాతకం. ఈ కంప్యూటర్ కొన్నప్పుడు ఇంట్లో ఆఫీసు పనికని చెప్పాను. బ్లోవర్లు విప్పేవాడికి ఇంటి దగ్గర ఆఫీసు పనేమిటని ఎవరూ అడగలేదు.

ముందు కంప్యూటర్ కేబినెట్ పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఆ ఫ్యాన్ మా అమ్మ కనకానిది.

"ఒరే నాగేంద్రా, నాకున్న ఒక్క ఫ్యానూ ఆ డబ్బాకెట్టేసినావేట్రా? దానికేటి చెమటకాయలు కాసినాయా?" అంది అమ్మ, మెడ గోక్కుంటూ.

నూట యాభై ఎనిమిది.

తర్వాత ప్రాసెసర్ మీద రాసే పేస్టు తెప్పించి, పాతది తుడిచి కొత్తది రాశాను, ఆవకాయన్నంలో నెయ్యి వేసుకున్నంత ధారాళంగా. పప్పుగింజంత చాలట. మళ్లీ తుడిచి మళ్లీ రాసేసరికి ఆదివారం కాస్తా అయిపోయింది.

నూట యాభై తొమ్మిది.

హాల్లో ఉన్న నీళ్ల కూలర్ని ఈడ్చుకొచ్చి కంప్యూటర్ వైపు తిప్పాను.

"తడిగాలి తగిలితే లోపల షార్ట్ అయిపోదేటండీ?" అంది ప్రసూన.

నాకా ఆలోచనే రాలేదు. నా కంప్యూటర్ మీద నాకంటే ఆమెకే శ్రద్ధ ఎక్కువని మురిసిపోయాను.

"మరేం చెయ్యమంటావు?"

"నాకేటి తెలుస్తాది? మా హాస్పిటల్లో మాత్రం మిషన్లున్న గదులకి ఏసీలుంటాయి."

ఏసీ మాట మా ఇంట్లో కొత్తది కాదు. డ్యూటీ దిగొచ్చి వంటింట్లో ఉడికిపోతున్నాననీ, అత్తయ్యకి ఒళ్లంతా కాయలనీ ప్రసూన ప్రతి వేసవిలోనూ అడిగేది. ప్రతి వేసవిలోనూ నాది ఒకటే జవాబు: మా నాన్న ఆవిరింజన్ పొయ్యి ముందు నిలబడి బొగ్గేశాడు, మన ఇంట్లో పారేది ఆ రక్తం, వేడి మనల్నేం చేస్తుంది? ప్రాసెసర్‌కి పాపం రక్తం లేదు కదా.

మర్నాడే ఏసీ కొన్నాను. నేను డ్యూటీలో ఉండగానే షాపువాళ్లొచ్చి కంప్యూటర్ గదిలో బిగించి వెళ్లారు. సాయంత్రం వచ్చి ఆట మొదలుపెట్టి చూద్దును కదా, అరవై! నూట అరవై కాదు, ఉత్త అరవై. ఆనందం పట్టలేక అమ్మకి దణ్ణం పెట్టాను.

షెడ్డంతా చాటింపు వేశాను.

"అచ్ఛా, వంద డిగ్రీలు తగ్గించే ఏసీ ఏ కంపెనీది గురూ?" అన్నాడు మా సెక్షన్ అప్పలకొండ.

"కంపెనీ కాదురా, బుర్ర!" అన్నాను.

అమ్మ మంచమూ మా మంచమూ ఆ గదిలోకే వచ్చేశాయి. ఈవేళ మధ్యాహ్నం అమ్మా ప్రసూనా నా వెనక నడుం వాల్చారు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడుతున్నాను. అది పెట్టుకుంటే నాకు పిడుగు పడ్డా వినపడదని వాళ్ల నమ్మకం. ఒక ఆట అయిపోయి, ఇంకోటి మొదలయ్యేలోగా చప్పుడు ఆగింది. అమ్మ గొంతు వినిపించింది.

"ఏటే ప్రసూనా, అంతలేసి వేడి ఒక్క పూటలో ఎలగ దిగిపోనాదే?"

ప్రసూన కిసుక్కున నవ్వి, "అంత ఎక్కనూ లేదు, అంత దిగనూ లేదత్తయ్యా, నేనే ఆ అంకెని మేం జ్వరాలు చూసే ఫారెన్‌హీట్‌లోకి మార్చి, ఏసీ బిగించిన పూట మళ్లీ సెంటీగ్రేడ్‌లో పెట్టేసాను" అంది.