మూడో దెబ్బ

మొదటి పాట అయిపోగానే మారెక్క తల అడ్డంగా ఊపింది.

"దీంట్లో నా కొడుకు లేడప్పా."

ఓబిలేష్ ముఖం మాడిపోయింది. కళ్యాణదుర్గంలో బోరు మోటార్లు బాగుచేసే అంగడి పైన ఒక్క గది. అదే 'మబ్బుమోసం' బ్యాండు స్టూడియో. వానకు ముఖం వాచిన ఊళ్లలో ఆ పేరు ఎవరికీ వివరించనక్కర్లేదు. ఓబిలేష్ పాడతాడు, సుజాత కంప్యూటర్ చూసుకుంటుంది. ఉరుము డోలు వాయించే కుళ్లాయప్ప పోయిన మార్చిలో బైకు మీద నుంచి పడి చనిపోయాడు. అతను వాయించగా రికార్డు చేసింది ఒకే ఒక్క పాట.

ఆ పాటను ఆరుగురు బయటి సంగీతకారులకు పంపి, ఎవరికి తోచినట్టు వాళ్లను రీమిక్స్ చేయమన్నారు. ఆరూ కలిపి కుళ్లాయప్ప పేరు మీద ఆల్బం. శుక్రవారం విడుదల. పెట్టిన షరతు ఒకటే, కుళ్లాయప్ప డోలు తీసేయకూడదు.

పాటలు వచ్చాయని తెలిసి అతని తల్లి మారెక్క కంబదూరు నుంచి పొద్దుటి బస్సుకే వచ్చేసింది. ఏ పాటలో కొడుకు ఉన్నాడో తానే చూసుకుంటానంది. కుర్చీ వేస్తే వద్దంది. ఇంట్లో కొడుకు సాధన చేసేటప్పుడు డోలు మీద చెయ్యేసి కూర్చునేది. ఇక్కడా అలాగే స్పీకరు పెట్టె మీద అరచెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చుంది.

రెండో పాటకూ అదే మాట. మూడు, నాలుగు, ఐదు, అన్నిటికీ అదే. కింద రోడ్డు మీద లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగినా ఆమె తల తిప్పలేదు.

ఓబిలేష్‌కు ఓపిక నశించింది. ఆమె ఎదురుగా కూర్చుని ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"అది వాని డోలేనమ్మా. వేరేది పెట్టలేదు."

"డోలు వానిదే కావచ్చు. కొట్టేది వాడు కాదు."

సుజాతకు అనుమానం వచ్చింది. పాత పాటనూ కొత్తవాటినీ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూసింది. చిన్నప్పుడు శనక్కాయల బండి మీద నుంచి పడి కుళ్లాయప్ప మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ, అతని మూడో దెబ్బ ఎప్పుడూ రవ్వంత ఆలస్యంగా పడేది. తాళం తప్పిందనుకుని ఐదుగురూ దాన్ని సరిచేసేశారు. పదేళ్లు పక్కన నిలబడి పాడిన ఓబిలేష్ చెవికి ఆ తేడా పట్టనే లేదు. సిగ్గుతో అతను తల ఎత్తలేకపోయాడు.

ఆరోది ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి పిల్ల, భారతి పంపింది. ఓబిలేష్ గొంతు మొత్తం తీసేసి డోలు ఒక్కటే ఉంచింది. తాళం జోలికి పోలేదు. తన గొంతు లేదన్న కోపంతో ఓబిలేష్ దాన్ని ఆల్బంలోంచి తీసేయమని నిన్ననే చెప్పాడు. సుజాత అతన్ని అడక్కుండానే వేసింది.

మారెక్క వేళ్లు స్పీకరు మీద బిగుసుకున్నాయి. కాసేపటికి చెంప కూడా దానికి ఆనించింది. కళ్లలోంచి నీళ్లు ధారకట్టాయి.

"వచ్చినాడు," అంది. "ఇంగొకసారి వెయ్యమ్మా."

సుజాత మళ్లీ వేసింది. ఓబిలేష్ కళ్లు తుడుచుకుని భారతికి ఫోన్ చేశాడు. ఆ ఐదూ ఆపేస్తున్నామని, శుక్రవారం ఆమె చేసింది ఒక్కటే వస్తుందని చెప్పాడు.

కుళ్లాయప్ప కడుపులో ఉండగా వచ్చిన జ్వరానికి వినికిడి పోగొట్టుకున్న మారెక్క, కొడుకు గొంతు గానీ, డోలు గానీ, బతుకులో ఒక్కసారైనా విన్నది లేదు.