సీసా మీద పేరు

ఊరికో కడుపు బ్యాంకు వెలిసిన రోజులవి. మందులు మింగీ మింగీ మంచి బ్యాక్టీరియా చచ్చి, కడుపులో ఈస్ట్ బూజులా పేరుకుపోయినవాళ్ళకు అక్కడ ఇంకొకరి కడుపులోని మంచి బ్యాక్టీరియాను సీసాల్లో ఇచ్చేవారు.

కరణంగారి మునిమనవరాలు నెల రోజులుగా తిండి ఇమడక మంచం పట్టింది. జిల్లా అంతా గాలిస్తే ఆమెకు సరిపడే కడుపు ఒక్కటే దొరికింది. అది రోజూ జొన్న సంకటి తినే ఎస్తేరమ్మది.

"కరణంగారింటి పిల్లకు ఇస్తావా పిన్నీ? పేరు దాచమంటే దాస్తాం," అంది ఇంటికొచ్చిన నర్సు.

ఎస్తేరమ్మ సంకటి గెలకడం ఆపలేదు. "ఆ ఇంటి ముందర మా అవ్వ దోసిలి పడితే, తగలకుండా పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళంట."

నర్సు తల దించుకుంది. "అయితే ఇవ్వవా?"

"ఎందుకియ్యను? ఆ బిడ్డ బతకాల. సీసా మీద నా పేరు మాత్రం పెద్దక్షరాలతో రాయి. ఇంటిపేరుతో సహా."