ఆరో క్లాజు

“లంకలో చేలు ఏ నెలలో దున్నుతారోయ్ రామకోటీ?” అని అడిగారు ఎమ్మెల్యే పాండురంగారావు గారు, కాఫీ గ్లాసు అందిస్తూ.

రామకోటి పొంగిపోయాడు. ఏలూరులో అంతటి మేడలో కూర్చోబెట్టి అతని సేద్యం గురించి అడిగిన పెద్దమనిషి ఇంతవరకు లేడు.

“పుష్యంలో కొల్లేరు నీరు తీస్తుందండి. అప్పుడు దున్నుతామండి. వినాయక చవితికి చేను గట్లతో సహా మునిగిపోద్దండి. ఇంక మాకు పడవలూ వలలేనండి.”

పాండురంగారావు గారు అంతా ఓపిగ్గా రాసుకున్నారు.

ఆ రెండెకరాలూ రామకోటి తాత నాటి నుంచి దున్నుతున్నవే. పట్టా మాత్రం లేదు. తాడేపల్లిగూడెం రైసుమిల్లు జగ్గారావు గారు వాటిని సర్కారు వేలంలో కొట్టేయాలని కాచుకుని కూర్చున్నారు. ఇంతలో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దున్నేవాడికే పట్టా ఇవ్వాలని కర్నూలు శాసనసభలో బిల్లు పెట్టారు. అది పాసైతే రామకోటికి తిండి. లేకపోతే పెళ్లాం బిడ్డలతో కూలికి పోవడమే.

“సభకు నువ్వూ రా. నీ చట్టం కళ్లారా చూసుకో,” అన్నారు పాండురంగారావు గారు. రైలు టిక్కెట్టూ ఆయనే కొనిచ్చారు. ఎంత మంచివారో!

ఉతికిన పంచె కట్టుకుని రామకోటి గ్యాలరీలో కూర్చున్నాడు. బిల్లును క్లాజు క్లాజుగా చదువుతున్నారు. అంతా ఇంగ్లీషు. ఆరో క్లాజు దగ్గర పాండురంగారావు గారు లేచి ఇంగ్లీషులోనే ఒక సవరణ ప్రతిపాదించారు. చివర్న మాత్రం తెలుగులోకి దిగారు.

“ఇది నా తెలివి కాదు అధ్యక్షా! కొల్లేరు రైతు రామకోటి చెప్పిన మాట. అడుగో, గ్యాలరీలో ఉన్నాడు.”

సభంతా తలెత్తి చూసింది. బల్లలు చరిచింది. రామకోటి కళ్లనీళ్లతో లేచి చేతులు జోడించాడు.

“అనుకూలురు ఔననండి,” అన్నారు అధ్యక్షులు.

“ఔను!”

కాదన్నవాడు ఒక్కడూ లేడు.

గవర్నరు సంతకం పెట్టారు. గెజిట్ లంకకు చేరేసరికి శ్రావణం వచ్చింది. రామకోటి భార్య కాంతం ఊరందరికీ పరమాన్నం పెట్టింది. బడి పంతులు విశ్వాసం గారు ఆరో క్లాజును మనసులో రెండుసార్లు చదువుకున్నారు.

“పైకి చదవండి పంతులుగారూ! అందులో మా ఆయన మాటే ఉందంటండి,” అంది కాంతం.

“ఉందమ్మా,” అన్నారాయన తలెత్తకుండా. “వచ్చే వినాయక చవితి నాడు ఎవరు తమ చేలో నాగలితో దున్నుతూ తాసిల్దారుకు కనబడతారో వాళ్లకే పట్టా, మిగతా భూమంతా వేలానికి.”