తుర్రు గుమ్మడి మొలక

ఆ ఏడాది చెట్లు చిగుళ్లేసే వేళకే ముసురు పట్టుకుంది. మన్ను మెత్తబడిందని ఉడుతమ్మ తన కూతురు తుర్రును వెంటేసుకుని చెట్టు మొదట్లో చిక్కుడు గింజలు వరసగా నాటింది. తుర్రు మాత్రం ఎక్కడో దొరికిన గుమ్మడి గింజను తనకు తోచినచోట గుచ్చింది. అది మొలకెత్తింది మొదలు దానితో ఒకటే కబుర్లు.

వరస తప్పి మొలిచిందల్లా కలుపే అనేది ఉడుతమ్మ. ఒకనాడు వాన జోరందుకునేలోపు కలుపు తీసేయాలని చేతికందిందల్లా గబగబా పీకేసింది. చూసుకునేసరికి గుమ్మడి మొలక వేరు తెగి చేతిలో ఉంది.

"అమ్మా, నా మొలకేదీ?" అంటూ తుర్రు పరుగెత్తుకొచ్చింది.

ఉడుతమ్మ మట్టి చేతులు వెనక్కి దాచుకుని, "నత్త పిన్ని తినేసిందమ్మా," అనేసింది.

తుర్రు ఏడుస్తూ వెళ్లి రాయి పక్కనున్న నత్తను నిలదీసింది. జరిగిందంతా చూసిన నత్త ఒక్కసారి ఉడుతమ్మ వైపు చూసి, "అవునమ్మా, నేనే తిన్నాను. ఆకలేసింది," అంది.

ఉడుతమ్మకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు వాన తెరిపివ్వగానే తుర్రు రెండు గుమ్మడి గింజలు పట్టుకొచ్చి గుంటలో వేసింది.

"రెండెందుకే?" అంది ఉడుతమ్మ.

"ఒకటి నాకు, ఒకటి నత్త పిన్నికి. పాపం, ఆకలికి ఆగలేకపోయిందిగా! ఊఁ, మన్ను కప్పమ్మా."

కప్పడానికి ఉడుతమ్మకు చేతులు రాలేదు.