వెనక తలుపు బేరం

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె. మానుకోట బజారంతా బంద్. నర్సింగరావు కిరాణా దుకాణానికి షట్టరు దించే ఉంది. అమ్మకం వెనక తలుపు నుంచి, అదీ ఎరిగిన ముఖాలకే.

ఎరగని వాళ్లకు అమ్మితే సమ్మె పోరగాళ్లకు కబురు పోతుందని భయం. ముఖం చూసి మనిషిని తూచడంలో తన తక్కెడ తప్పదని ధీమా.

ఆ పొద్దున వెనక తలుపు కొట్టింది ఒక లంబాడీ ఆడమనిషి. ఎన్నడూ చూసిన ముఖం కాదు. కొంగు ముడిలో డబ్బులున్నాయి. రవిక ముందు భాగం తడిసి ఉంది.

"జర కందిపప్పు ఇయ్యి సేటూ. పసిపోరని కోసం."

"నీ పోరడా?"

"కాదు, మందిది. దవాఖానల ఉన్నడు."

ఎవరి పిల్లవానికో ఈమె పప్పు కొంటుందట. ఆ మాట పొసగలేదు. సమ్మె పోరగాళ్లే పంపి ఉంటారనుకున్నాడు.

"పప్పు తిననీకి పసిపోరనికి పండ్లు మొలిచినయా?"

ఆమె ఏదో చెప్పబోయింది. అతను తలుపు వేశాడు.

అసలే అతని మనసు మనసులో లేదు. కోడలు స్పందన నెలలు నిండకముందే కన్నది. ఆమెకు స్పృహ లేదు. మనుమడు గాజుపెట్టెలో ఉన్నాడు. వాడి ఒంట్లో కండ కట్టాలంటే అమైనో ఆమ్లాల సెలైన్ ఎక్కించాలన్నాడు డాక్టరు. ఆ సీసాలు తెచ్చే బండి రాస్తారోకోలో ఆగిపోయింది.

మధ్యాహ్నం కొడుకు హరీష్ ఫోన్ చేశాడు. తన బిడ్డను పోగొట్టుకుని, బస్సుల్లేక దవాఖానలోనే ఉండిపోయిన ఒక తల్లి తన పాలు పిండి మనుమడికి ఇస్తోందట. సీసాలో ఉండే అమైనో ఆమ్లాలు ఆ పాలల్లోనూ ఉంటాయట. ఆమె మాత్రం గంజితోనే బతుకుతోంది. పప్పన్నం పడితేనే నిలబడుతుందని డాక్టరు అన్నాడట.

నర్సింగరావు తన చేత్తో కందిపప్పు సంచి నింపాడు. పైన నెయ్యి డబ్బా పెట్టాడు. ఈసారి తూచలేదు.

బజారులో రాళ్లు పడుతున్నాయి. పోలీసులు దారులు మూశారు. మర్నాడు పొద్దున గాని దవాఖానకు చేరలేకపోయాడు.

గాజుపెట్టె ఖాళీగా ఉంది. హరీష్ ఒడిలో తెల్లగుడ్డ మూట.

నర్సింగరావు సంచి కింద పెట్టాడు.

"పాలిచ్చిన తల్లి ఏది?"

"రుక్కి కండ్లు తిరిగి పడ్డది బాపూ. వాళ్లోళ్లు తండాకు మోసుకపోయిన్రు. గప్పటి సంది పాలు లేవు."

"గామె తిండి సంగతి ముందుగాల్నే నాకు చెప్పొద్దార?"

హరీష్ ఆ సంచి వంక చూశాడు.

"గామెనే పప్పుకు బజారుకు పోయిందట బాపూ, ఎవరో సేటు పసిపోరనికి పండ్లు మొలిచినయా అని తలుపేసిండట."