కుడిచేతివైపు నీళ్ళ ట్యాంకు

“మొత్తం తిరగబడింది బాబూ,” అన్నాడు కిటికీ బయట నిలబడ్డ ముసలాయన.

లోపల వేలెడంత చెట్టుకు పట్టకారుతో ఆకులంటిస్తున్న టెక్నీషియన్ ఉలిక్కిపడ్డాడు. పచ్చరంగు అద్దిన రంపపు పొట్టు కాస్తా పట్టాల మీద ఒలికింది.

అతను పగలంతా కట్టుడు పళ్ళు చేస్తాడు. సాయంత్రమైతే అదే బల్ల మీద బొమ్మ రైల్వే స్టేషను కడతాడు. ఆరబెట్టిన టీపొడితో నేల, రాగితీగలతో చెట్లు, అగ్గిపుల్లలతో కంచె. ఇదేం పిచ్చిరా నాయనా అని వీధంతా నవ్వుకున్నా పట్టించుకోలేదు.

అదంతా అమ్మ కోసం. ఆమె పుట్టి పెరిగిన స్టేషను క్వార్టరును ఏనాడో కూల్చేశారు. ఎనభయ్యో పుట్టినరోజు నాడు అమ్మను మళ్ళీ ఆ గుమ్మం ముందు నిలబెట్టాలి. రెండేళ్ళుగా అదొక్కటే ధ్యాస.

ఆధారం ఒకే ఒక్క పాత ఫోటో. అందులోనూ పేరు బోర్డు ఇంజను పొగలో కలిసిపోయింది.

“ఏం తిరగబడిందండీ?”

“గుమ్మానికి కుడిపక్క నీళ్ళ ట్యాంకు రావాలి. సిగ్నలు ఎడమపక్క.”

“ఇదిగో ఫోటో. మీరే చూడండి.”

“ఆ ఫోటోయే తప్పు బాబూ.”

అతనికి ఒళ్ళు మండింది. “మీరక్కడ పనిచేశారా?”

“లేదు. ఒక్క పూట నిలబడ్డానంతే.”

“ఒక్క పూటకే అంతా కంఠతా వచ్చేసిందా! వెలుతురుకు అడ్డం తప్పుకోండి పెద్దాయనా, మీకు పుణ్యముంటుంది.”

ముసలాయన ఏదో చెప్పబోయాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, వెళ్ళిపోయాడు. ఆ తరవాత కనపడలేదు. పీడా విరగడైందనుకున్నాడు టెక్నీషియన్.

నెల తిరక్కుండా ఒకావిడ కవరు పట్టుకొచ్చింది.

“మొన్న పోయిన మా నాన్న ఇది మీకిమ్మన్నారండీ.”

అతను ప్లాట్‌ఫారం అంచుకు తెల్లగీత గీస్తున్నాడు. తలెత్తితే గీత వంకరపోతుంది.

“ఆ సొరుగులో పెట్టండమ్మా.”

ఎవరో పళ్ళు కట్టించుకున్నాయన, పాత కొలతలు కాబోలు అనుకుని మరిచిపోయాడు.

పుట్టినరోజు రానే వచ్చింది. అమ్మను బల్ల ముందు కూర్చోబెట్టి, పైన కప్పిన గుడ్డ తీశాడు.

“ఎంత ముద్దుగా ఉందిరా!” అంది అమ్మ. “ఏ స్టేషనిది?”

అతను వేలు పెట్టి చూపించాడు. “మీదేనమ్మా! అదిగో మీ ఇల్లు.”

ఆమె వంగి చూసింది. వేలు బుల్లి గుమ్మాన్ని తాకి, అలవాటుగా కుడివైపు జరిగింది. అక్కడ సిగ్నలు తగిలింది.

“మాది కాదులే నాన్నా. మా గుమ్మానికెదురుగా నిలబడితే కుడిచేతివైపు నీళ్ళ ట్యాంకు. బడి నుంచి రాగానే అక్కడ కాళ్ళు కడుక్కుని గానీ లోపలికెళ్ళేదాన్ని కాదు.” కొడుకు మొహం చూసి, “ఇదీ బాగానే ఉందిలే,” అంది.

ఆ మాటకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది. కిటికీ దగ్గరి ముసలాయన గుర్తొచ్చాడు.

ఫోటో మరోసారి చూద్దామని భూతద్దం కోసం సొరుగు లాగాడు. చేతికి కవరు తగిలింది.

లోపల ఒక పాత నెగెటివ్, చిన్న చీటీ.

“మెరిసే వైపు నుంచి చూడండి. తప్పు మీది కాదు బాబూ, డెబ్బై ఏళ్ళ కిందట ఆ ఫోటో తీసింది నేనే, తొందరలో నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసిందీ నేనే.”