వైర్లు పీకేయమన్న పెద్దాయన

“ఇది నువ్వు చేసింది కాదంట గదా?”

జడ్జి మాటకు నీలావతి తలెత్తింది.

హిందూపురం కాలేజీ హాల్లో సైన్సు పోటీలు. ఆమె బల్ల మీద వరుసగా చిన్న లైట్లు, పక్కన వాటిని నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక డయల్, లాప్‌టాప్. డయల్ తిప్పేకొద్దీ ఎడమ నుంచి ఒక్కో లైటూ వెలుగుతుంది. ధర్మవరంలో అమ్మ నేసే మగ్గం మీద కట్టాలని చేసింది. పనికి ఎంత వెలుతురు కావాలో అంత తిప్పుకోవచ్చు.

“నేనే చేసినా సార్.”

“మీ అన్నకు ఎలక్ట్రానిక్స్ అంగడి ఉండాదంట. ఆయప్పే చేసిచ్చినాడని అంటాండారు.”

“సామాన్లు అన్న ఇచ్చినాడు. చేసింది నేను.”

జడ్జి పక్కాయన వైపు తిరిగాడు. “మార్కుల్లో ఈ పాపదే ముందు. తీసేస్తే మొదటి బహుమతి తర్వాతి వాళ్లకు పోతాది. తీసేద్దాం.”

“ఉండప్పా.” తలకు టవల్ చుట్టుకున్న ఒక పెద్దాయన జనంలోంచి ముందుకొచ్చాడు. “ఆ వైర్లన్నీ పీకేయమను. మీ కండ్ల ముందరే మళ్లీ పెట్టమను.”

నీలావతికి ఒళ్లు మండింది. ఈయన కూడా తనను దొంగ కిందే జమకట్టాడు.

“నువ్వెవరప్పా నడమ? నేనేమన్నా దొంగతనం చేసినానా?”

పెద్దాయన బల్ల మీది వైర్ల వైపు చెయ్యి చూపాడు.

“సరే. చూడండి.”

వైర్లన్నీ పీకి బల్ల మీద పడేసింది. మళ్లీ ఒక్కొక్కటే గుచ్చింది.

“ప్రోగ్రాం ఎవరు రాసినారో మరి,” అన్నాడు జడ్జి.

“ఏం మార్చల్లో చెప్పండి సార్.”

“కుడి నుంచి వెలగల్ల.”

కూర్చోకుండానే లాప్‌టాప్‌లో ప్రోగ్రాం మార్చి, బోర్డులోకి ఎక్కించి, డయల్ తిప్పింది.

కుడి చివరి లైటు వెలిగింది. తర్వాత దాని పక్కది. తర్వాత అన్నీ.

జడ్జి మార్కుల కాగితంలో ఆమె పేరు పక్కన టిక్కు పెట్టాడు.

నీలావతి పెద్దాయన వైపు తిరిగింది. “చూసినావా? ఇంగా అనుమానం ఉండాదా?”

“నాకెందుకు తల్లీ అనుమానం? పొద్దున నువ్వు ఊడిన వైరు అతికించుకుంటాంటే చూసినాలే.”

ఆయన జనంలోకి నడిచి వెళ్లిపోయాడు.

సాయంత్రం మొదటి బహుమతి నీలావతికే వచ్చింది. కప్పు చేతికి రాగానే ఆమె హాలంతా వెతికింది. పెద్దాయన ఎక్కడా కనిపించలేదు.

గుమ్మం దగ్గర, పెనుకొండ నుంచి పోటీకి వచ్చిన అమృత నిలబడి ఉంది.

“టవల్ చుట్టుకున్న పెద్దాయన యాడికి పోయినాడో చూసినావా? ఆయప్పను అనరాని మాట అన్నా.”

“గొర్రెలు ఇంటికొచ్చే యాళయిందని బస్సెక్కినాడు.”

“నీకు తెలుసా ఆయప్ప?”

“మా నాయన,” అంది, రెండో బహుమతి అందుకున్న అమృత.